టీ బల్ల మీద రెండు వేళ్లు

చీమకుర్తి గ్రానైట్ రాళ్లు దగ్గరుండి అప్పగించే పని మీద చైనాలోని షియామెన్ రేవుపట్నంలో మూడు నెలలున్నాను. రాళ్లు కొనే పెద్దాయన లిన్ గారు రోజూ పొద్దున్నే అందరినీ కూర్చోబెట్టి చిన్న కప్పుల్లో టీ పోసేవారు. ఆయన పోయగానే ఆయన మనుషులు మాటా పలుకూ లేకుండా రెండు వేళ్లతో బల్ల మీద తట్టేవాళ్లు. అది నాకు నచ్చలేదు.

మా ఒంగోలు వైపు పశువుల సంతలో దళారులు తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుని బేరం కుదుర్చుకుంటారు. పక్కనున్న రైతుకి కూడా తెలియదు. వీళ్లూ ఏ రాయి తిప్పి పంపాలో నా ఎదుటే చెప్పుకుంటున్నారని అనుమానం పట్టుకుంది. ఫోన్లో మా బాబాయికి చెబితే, "ఎవరు ఎన్నిసార్లు కొట్టారో రాసిపెట్టరా. వాళ్లనేం అడగమాక" అన్నాడు.

నెల రోజులు అక్కడే కూర్చుని రాశాను. ఆ తట్టుడుకీ, తిప్పి పంపిన రాళ్లకీ ఎక్కడా పొంతన కుదరలేదు. చివరికి నా మాటలు వాళ్లకీ, వాళ్ల మాటలు నాకూ తర్జుమా చేసి చెప్పే మెయ్ అనే అమ్మాయిని నిలదీశాను.

"అది థ్యాంక్స్ చెప్పడమండీ. టీ పోసినవాళ్లకి ఇక్కడ అలాగే చెబుతారు" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. మా ఇళ్లల్లో టీ ఇచ్చినందుకు థ్యాంక్స్ అంటే, పరాయివాడిలా మాట్లాడతావేమని కోప్పడతారు.

"మరి నేనెప్పుడూ తట్టలేదే" అన్నాను.

మెయ్ గొంతు తగ్గించి చెప్పింది.

"మీరు తట్టరు, పైగా మమ్మల్ని చూస్తూ ఏదో రాసుకుంటారు. మీ మనసులో ఏదో ఉందని లిన్ గారికి అనుమానం వచ్చింది. అందుకే మీ రాళ్లన్నీ రెండోసారి చూడమన్నారు."