సరళ రాసిన ఆరు కేసులు

కొత్తగూడెం గనిలో ముప్పై ఏళ్లు బొగ్గు తవ్విన మొండయ్య కూతురు సరళ. భద్రాచలం దారిలో అడవి అంచున ఉన్న ఒక చిన్న ఠాణాలో హెడ్ కానిస్టేబుల్, ఠాణా రాతపనులన్నీ చూసే రైటర్ కూడా. నెలనెలా ఎన్ని దొంగతనాలు, ఎన్ని కొట్లాటలు, ఎంతమంది ఆడవాళ్లు కనిపించకుండా పోయారు అన్న లెక్క ఆమె చేతుల మీదుగానే జిల్లాకు పోయేది. అక్కడినుంచి హైదరాబాదుకు, ఆపైన ఢిల్లీకి. దేశం మొత్తం నేరాల పుస్తకం అట్లా తయారవుతుంది. అయితే ఎఫ్‌ఐఆర్ కట్టిందే అందులోకి ఎక్కుతుంది. కట్టనిది జరగనట్టే.

కనిపించకుండా పోయిన ఆడవాళ్ల గడిలో సరళ రెండేళ్లుగా సున్నానే వేస్తోంది. వేసిన ప్రతిసారీ దరఖాస్తులు పడేసిన బీరువా వైపు చూడకుండా తల తిప్పుకునేది.

మార్చిలో ఒక మధ్యాహ్నం తండా నుంచి జమ్లి వచ్చింది. అది మూడోసారి. ఆమె కూతురు పత్తి ఏరడానికని కూలీలను తీసుకుపోయే మేస్త్రీ వెంట పోయి ఐదు నెలలు దాటింది.

"నా బిడ్డ మీ బుక్కుల ఉన్నదా అమ్మా?"

"దరఖాస్తు ఉన్నది" అంది సరళ.

"దరఖాస్తు నేనే ఇచ్చిన గదా. మీరేం రాసిన్రు?"

జమ్లి వెళ్లాక సరళ బీరువా తెరిచి పాత దరఖాస్తులన్నీ నేల మీద పరిచింది. ఆరుగురు ఆడపిల్లలు. నాలుగు కాగితాల్లో ఒకే మేస్త్రీ పేరు. విడివిడిగా ఉన్నన్నాళ్లూ ఎవరి కంటా పడని ఆ పేరు పక్కపక్కన పెట్టేసరికి కనబడింది.

ఎస్సై అనిల్‌కుమార్ ఆ కాగితాలు చూసి చిరాకుపడ్డాడు. "ఒక్కపారే ఆరు కేసులు కడితే జిల్లా మీటింగ్‌ల నన్ను నిలబెడ్తరు. నీ ఏరియాల క్రైం ఎందుకు పెరిగిందంటరు."

"నేరం పెరగలే సార్. మనం రాయలే, గంతే."

ఆయన సంతకం పెట్టలేదు.

పది రోజులకు శ్రీరామనవమి బందోబస్తుకు ఎస్సై భద్రాచలం వెళ్లాడు. పైవాళ్లు లేనప్పుడు ఠాణా బాధ్యత హెడ్ కానిస్టేబుల్‌దే. సరళ జమ్లికీ మిగతా ఐదు కుటుంబాలకూ కబురు పెట్టింది. పొద్దున మొదలుపెట్టి, అన్నం కూడా మరిచి, ఒక్కొక్కరి మాట విని ఆరు ఎఫ్‌ఐఆర్‌లు కట్టింది.

నెల లెక్క పోగానే జిల్లా నుంచి ఫోను. "ఏంది మేడం, సున్నా ఉండేచోట ఆరు పడ్డది. టైపింగ్ తప్పా?"

"అవ్, తప్పే. రెండేండ్లు ఏసిన సున్నాలే తప్పు" అంది సరళ.

జిల్లా అధికారులు పక్క ఠాణాల్లోని దరఖాస్తులూ వెతికించారు. అదే మేస్త్రీ పేరు మరో రెండు చోట్ల దొరికింది. ప్రత్యేక బృందం బయలుదేరింది. మూడు వారాలకు పక్క రాష్ట్రంలో ఒక నూలు మిల్లు వెనక, తాళం వేసిన షెడ్డులో పదకొండు మంది పిల్లలు దొరికారు. అందులో ఐదుగురు సరళ రాసినవాళ్లే. ఆరో అమ్మాయి బోనకల్‌లో మనసుపడ్డవాణ్ణి పెళ్లాడి సుఖంగా ఉందని తేలింది.

వ్యాను ఠాణా ముందు ఆగగానే జమ్లి కూతుర్ని పట్టుకుని వదల్లేదు. ఎస్సై కాసేపు దూరంగా నిలబడి, తర్వాత తానే నీళ్ల సీసాలు తెచ్చి పిల్లలకు అందించాడు. "నేను పెట్టాల్సిన సంతకాలు నువ్వు పెట్టినవ్ సరళమ్మా" అన్నాడు మెల్లగా.

ఇప్పుడు చుట్టుపక్కల రైటర్లు సరళకు ఫోన్లు చేస్తుంటారు. మొన్న చండ్రుగొండ వైపు నుంచి కొత్తగా చేరిన హర్షిత అడిగింది, "అక్కా, మా దగ్గర గిట్లాంటి కాగితాలు తొమ్మిదున్నయ్. ఏం చెయ్యాలె?"

"జల్దీ ఎఫ్‌ఐఆర్ నంబర్లెయ్యి" అంది సరళ.