మొక్కు తేదీ

పొద్దున ఓపీ గదిలోకి తడి గంధం వాసన వచ్చింది. తలెత్తి చూడకముందే నాకు నీరసం ముంచుకొచ్చింది. గుమ్మం పక్కన బెంచీ మీద ఒక నడివయసు ఆవిడ కూర్చుని ఉంది. నున్నగా గీయించిన తల, దాని మీద ఆరీ ఆరని గంధం, ఒళ్ళో ప్రసాదం పొట్లం. మొహం కళకళలాడిపోతోంది. తారాతారిణి అమ్మవారి కొండ మీద తలనీలాలు ఇచ్చి వచ్చిన మనిషిని చూస్తే ఎవరైనా ముచ్చటపడతారు. బరంపురంలో క్యాన్సర్ వార్డు నర్సుగా జుట్టు నెరిసిపోయిన నాకు మాత్రం ముందు కళ్ళు చూడాలనిపిస్తుంది, పచ్చబడ్డాయేమోనని. ఈ అలవాటు నాకు అంటించినవారు ప్రమీల మేడమ్.

మేడమ్ మా వార్డుకి పెద్ద డాక్టరు. అస్కా దగ్గర ఒడియా ఇంటి ఆడపడుచు. తెలుగు మాత్రం రోగుల దగ్గరే నేర్చుకున్నారు, అదీ గోపాలపూర్ చేపల రేవు తెలుగు. బంగారు ఫ్రేము కళ్ళజోడు సర్దుకుంటూ "ఏటమ్మా, తిన్నావేటి" అంటుంటే కొత్త డాక్టర్లు నవ్వాపుకోలేకపోయేవారు. ఆవిడకో మొండిపట్టు ఉండేది. ఎంత తొందరలో ఉన్న రోగి అయినా సరే, క్యాన్సర్ మందు సెలైన్‌లో ఎక్కించేముందు హెపటైటిస్ బి కోసం రక్తం పరీక్ష చెయ్యాల్సిందే. ఎప్పుడో వచ్చిపోయిన జాడ ఉన్నా తెలియాలి. గడ్డ మెడలో ఉంటే కాలేయం గొడవ ఎందుకని బంధువులు విరుచుకుపడేవారు. బస్సుల్లో పడి వచ్చినవాళ్ళని రిపోర్టు కోసం రేపు రమ్మని తిప్పి పంపేది నేను కాబట్టి, తిట్లన్నీ నాకే దక్కేవి.

ఆ రోజుల్లో చమఖండి నుంచి నూకయ్య అనే వేటగాడు వచ్చాడు. సముద్రం మీద వేట. మెడ చుట్టూ గడ్డలు. రక్తంలో ఆ వైరస్ ఉందని తేలింది. కుర్రతనంలో కామెర్లు వచ్చాయని, పసరు తాగితే పోయాయని అతను ధీమాగా చెప్పాడు. మేడమ్ అతని మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"పోనేదు నాయినా. ఇసకలో పీతలాగ దాగుంది. మనుసులు తిరిగినంతసేపూ అది పైకి రాదు. ఈ మందు ఎక్కిస్తే నీ ఒంట్లో కాపలా పోయి, రేవు కాలీ అయిపోద్ది. అప్పుడొచ్చి నీ కాలేయం తినేస్తది."

అది రాకుండా రోజుకో బిళ్ళ రాశారు. సెలైన్లు అయిపోయాక కూడా చాలా కాలం వేసుకోవాలన్నారు. నూకయ్య బుద్ధిగా తలూపాడు. మందు పనిచేసింది, గడ్డలు కరిగాయి, జుట్టు మొలిచింది. ఆ మొలిచిన జుట్టు కొండమీద అమ్మకిచ్చి, గంధం పూసుకున్న గుండుతో వార్డంతా తిరిగి ప్రసాదం పంచాడు. మేడమ్ కళ్ళకద్దుకుని తిన్నారు. నేనూ తిన్నాను. అంత సంతోషం మా వార్డు ఎప్పుడో గాని చూడదు.

వానాకాలంలో అతన్ని మళ్ళీ మోసుకొచ్చారు. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. పొట్ట ఉబ్బిపోయింది. ముందు పసరు పోయించి, ఆనక మా దగ్గరికి తెచ్చారు. క్యాన్సర్ ఎక్కడా లేదు. క్యాన్సర్ నుంచి బయటపడ్డ మనిషి కాలేయం చెడి మా చేతుల్లో పోయాడు. బిళ్ళ ఎప్పుడు ఆపారని అడిగితే, అతని భార్య మమ్మల్ని వింతగా చూసింది.

"మొక్కు తీరిపోనాక మందేటమ్మా? మింగితే అమ్మని నమ్మనట్టు కాదేటి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. నడవలో కుళాయి దగ్గర మేడమ్ చేతులు కడుక్కుంటుంటే, ఈ మూఢనమ్మకాలతో మనం వేగలేమని గట్టిగానే అన్నాను. ఆవిడ కుళాయి కట్టలేదు. నీళ్ళు పోతూనే ఉన్నాయి.

"నమ్మకం తప్పు కాదే సరోజినీ. తేదీ తప్పు. ఆ తేదీ నానే సెప్పలేదు."

ఆ తరువాత వార్డులో చేరిన ప్రతి మనిషినీ ఎవరికి ఏం మొక్కుకున్నారని మేడమే అడిగేవారు. బిళ్ళ అవసరమైనవాళ్ళకి ఖండితంగా చెప్పేవారు: మొక్కు తీర్చాల్సింది సెలైన్లు అయిపోయిన రోజున కాదు, తాను బిళ్ళ ఆపి, రక్తం బాగుందని చెప్పిన రోజున. ఈ మాట మింగుడుపడటం అంత తేలిక కాదు. కోడలి కోసం మొక్కుకున్న ఒక ముసలమ్మ, అమ్మవారిని ఏడాదికి పైగా కాచుకోమనడానికి నువ్వెవరివని నిలదీసింది. మేడమ్ రెండు చేతులూ జోడించారు.

"నా మీద ఎయ్యి అత్తా. అమ్మ అడిగితే ప్రమీల ఆపిందని సెప్పు."

ముసలమ్మ బిళ్ళల అట్ట అందుకుని కొంగున ముడేసుకుంది. ఆ కోడలు నిలబడింది. అందరూ నిలబడలేదు. కొందరిని క్యాన్సరే తీసుకుపోయింది, కొందరు మాట వినలేదు. ఆ బిళ్ళ మూసేది ఒక్క తలుపునే, చావుకి ఇంకా తలుపులు చాలా ఉన్నాయి. మేడమ్ కూడా అలిసిపోయారు. రిటైరయ్యాక ఒకసారి చూడటానికి వెళ్ళి, మీకు మొక్కులేమీ లేవా అని అడిగాను. ఊళ్ళోవాళ్ళ మొక్కులన్నీ తన పేరున ఆగి ఉంటే ఇంక సొంతవి ఎక్కడ పెట్టుకోనని నవ్వారు. పోయినేడు ఆవిడ కన్నుమూశారు.

బెంచీ మీది ఆవిడ దగ్గరికి వెళ్ళి కళ్ళు చూశాను. తెల్లగానే ఉన్నాయి, ప్రాణం కుదుటపడింది. సెలైన్లు వేరే ఊళ్ళో ఎక్కించుకుని, చూపించుకోవడానికి ఇక్కడికి వచ్చిందట. రోజూ వేసుకోమని బిళ్ళ ఏదైనా రాశారా అని అడిగాను. ఈ తెల్లవారుజామునే మొక్కు తీర్చేశానని, మిగిలిన బిళ్ళలు ఇంకెవరికైనా పనికొస్తాయని తెచ్చానని సంచీలోంచి అట్టలు తీసి ఇచ్చింది. చూస్తే నూకయ్యకి రాసిన బిళ్ళే. నేను ఒకటి నొక్కి తీసి, మంచినీళ్ళతో సహా ఆవిడ చేతిలోనే పెట్టాను. ఆవిడ మొహంలో కళ పోయింది.

"అమ్మకి కోపం రాదా సిస్టరమ్మా?"

ఇన్నాళ్ళూ ఈ ప్రశ్నకి మేడమ్ పేరే చెబుతూ వచ్చాను. పోయిన మనిషి మీద ఇంకెంత భారం వెయ్యను?

"నా మీద ఎయ్యి తల్లీ. సరోజిని మింగమందని సెప్పు."

ఆవిడ కొండ ఉన్న వైపు తిరిగి కళ్ళు మూసుకుంది. నా పేరు మెల్లగా పలికి, బిళ్ళ నోట్లో వేసుకుంది.