మబ్బు మింగిన మేకపిల్ల

పంతొమ్మిదివందల యాభైల్లో ముదిగుబ్బ దగ్గర మా ఊళ్ళో వేరుశెనగ విత్తనాలను చేత్తోనే ఒలిచేవాళ్ళం. ఎండలు ముదిరాక కాయల మూటలు విప్పి పంచలో పోస్తే, వాన పడేదాకా అదే పని. ఒలిచిన గింజ పిల్లల నోట్లోకి పోకూడదని మా అవ్వ, అంటే అమ్మకు అమ్మ, కథ మొదలుపెట్టేది. నాకు అక్షరాలు వచ్చింది బిడ్డల తల్లినయ్యాక. అప్పట్లో కథంటే అవ్వ గొంతే.

ఆ కథలో ఒక కుంటి మేకపిల్ల ఉండేది. మేత దొరక్క కొండెక్కి, మబ్బును గడ్డి అనుకుని మింగేసింది. కడుపు ఉబ్బి గాల్లోకి లేచింది. గాడిదలు పంచాయితీ చేసే ఊరు, నీడలను ఉతికి ఆరేసే ఊరు, ఇలా ఏడాదికి ఒకటో రెండో ఊళ్ళు దాటేది. వాన పడగానే అందరూ చేలోకి పోయేవాళ్ళు, కథ ఆగేది. మరుసటి ఏడు మళ్ళీ అక్కడినుంచే. తల్లిమేక దొడ్లో ఎదురు చూస్తూనే ఉండేది. పిల్ల ఇల్లు చేరుతుందా లేదా అన్నదే నా బెంగ.

"ఎవురే ఆడ నమిలేది?" అనేది అవ్వ, చేట ఆపి.

"నేను కాదవ్వా, అక్క!" అనేది చెల్లెలు.

"నోరు కదిల్తే మేక కదల్దు. మీ ఇష్టం."

ఒక ఏడు రెండు మబ్బులు కనబడగానే నాయన తొందరపడి మూటలన్నీ ఒలిపించాడు. వాన రాలేదు. వేరుశెనగ కాయగా ఉన్నంతకాలమే విత్తనం. ఒలిచాక ఎక్కువ రోజులు నిలవదు. అదును దాటిపోయింది. నాయన ఒక గింజ కొరికి చూసి, "ఇంగ ఇవి మొలిచేవి కావు. ఏంచుకోండి" అన్నాడు. అమ్మ వేయించడానికి పొయ్యి మీద మంగలం పెట్టింది.

అందరూ తిన్నారు. నేను ముట్టలేదు.

"ఏమే, నీకు వేరే చెప్పల్నా?" అంది అవ్వ.

"తింటే నువ్వు కథ చెప్పవు గదా."

అవ్వ గుప్పెడు గింజలు నా ఒళ్ళో పోసింది. "నములు. ఈ పొద్దు నమిల్తేనే చెప్తా."

మేకపిల్ల తిరిగి తిరిగి సొంత ఊరి మీదికి వచ్చిందట. కింద తల్లి అరిచింది. బదులు అరవబోతే నోట్లోంచి మబ్బు బయటపడింది. కడుపు తగ్గి, ఎండుటాకులా ఊగుతూ దొడ్లోకి దిగింది. తల్లి దాన్ని మూతినుంచి తోకదాకా నాకింది.

"మరి మబ్బు యాడికి పాయె? వాన పడిందా?" అని చెల్లెలు నిలదీసింది.

"ఇది మేక కథ. మబ్బు సంగతి నాకేం తెలుసే?"

చెల్లెలు మూతి ముడుచుకుంది. గోడకు ఆనుకుని వింటున్న నాయన, "పిల్ల ఇల్లు చేరినాది, అంతే సాలు" అన్నాడు.

నేను ఒక్కటే అడిగాను, పాలు తాగిందా అని.

"కడుపు నిండా" అంది అవ్వ.