మూడేసి పిల్లలు

పుదుచ్చేరి ఊరి అంచున ఉన్న పశు పరిశోధనశాలలో భువనేశ్వరి రక్తపరీక్షలు చేసేది. ఈతకు రెండు పిల్లలు వేసే పొట్టి జాతి గొర్రెను నాటు గొర్రెతో కలిపి, పుట్టినవాటిని మళ్లీ మళ్లీ నాటు జాతితోనే దాటించేవారు అక్కడ. ఒళ్లు నాటుదే ఉండాలి, జంట పిల్లల గుణం మాత్రం నిలవాలి. ఆ జన్యువు ఏ పిల్లకు దిగిందో కంటికి తెలియదు. రక్తంలో దాని గుర్తు వెతకాలి. గుర్తు లేనివి కసాయికి పోయేవి.

దగ్గరి ఏంబలం ఊళ్లో గొర్రెలు మేపే అన్న ముకుందన్‌కు ఆ గుర్తు ఉన్న పొట్టేలును ఇప్పించింది ఆమే. దాని కూతుళ్లు పెరిగి జంటలు ఈనేసరికి అతను పొంగిపోయాడు. ఆ కూతుళ్లకూ అదే పొట్టేలును దాటించాడు. పరీక్ష చేయించకుండా దాటించొద్దని భువనేశ్వరి ఒకసారి అంది కానీ, గట్టిగా చెప్పలేదు.

అలా పుట్టి, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా ఆ జన్యువు దిగిన గొర్రెలు పెరిగి మూడేసి పిల్లల్ని మోశాయి. ఆ ఏడు కార్తీక వానలకు మేత బీళ్లన్నీ మునిగిపోయాయి. ఈనిన తల్లులకు పొదుగులో పాలు లేవు.

ఒకనాటి పొద్దున ముకుందన్ ఒక గొర్రెనూ దాని పిల్లలనూ లోడ్ ఆటోలో పరిశోధనశాలకు వేసుకొచ్చాడు. రెండు పిల్లలు దారిలోనే చచ్చిపోయాయి. మిగిలినదానికి భువనేశ్వరి సీసాతో పాలు పట్టబోయింది. అది చీకలేదు.

అక్కడి పశువుల డాక్టర్ జనని తల్లిగొర్రె కనురెప్ప ఎత్తి చూసింది. "ఒంట్లో రక్తమే లేదు. లేవడం కష్టం," అంది.

"పిల్లల గుణం తెచ్చిస్తిరి, సరే. పాలు యాడ తెచ్చిస్తిరి డాక్టరమ్మా?" అన్నాడు ముకుందన్.



"అన్నా, ఇంట్లో ఇంకెన్ని చూలుతో ఉండాయి?" అని అడిగింది భువనేశ్వరి.

"ఏందికి? వాటి రక్తం కూడా తీస్తావా?"

మధ్యాహ్నానికి తల్లి పోయింది. ఆ నెల గడిచేలోగా అతని దొడ్డిలో సగం ఖాళీ అయింది. మిగిలిన మందను పొట్టేలుతో సహా అమ్మేసి, పట్నంలో ఒక గోడౌనుకు కాపలా పనిలో చేరాడు.

పరీక్ష చేయని మందలకు పొట్టేళ్లను ఇవ్వడం జనని ఆపించింది. ఎవరికిచ్చినా ముందు ఇంటికి వెళ్లి భువనేశ్వరే అన్నీ విడమరిచి చెప్పేది. అన్న కాపలా కాసే గోడౌను ఆమె వెళ్లే బస్సు దారిలోనే ఉంది. గేటు దగ్గర కుర్చీలో అతను కనిపిస్తాడు. ఆమె దిగిన రెండుసార్లూ అతను లేచి లోపలికి వెళ్లిపోయాడు.