లచ్చమ్మ కంట్లో పడింది నాచు కాదు

2022 వేసవి. మిర్యాలగూడ డిగ్రీ కాలేజీలో జువాలజీ పాఠాలు చెబుతున్నాను. ఊళ్లోని కంటి డాక్టరు ఫోన్ చేసి వెంటనే రమ్మన్నారు. ఆయన గొంతులో తొందర విని ఉన్నపళంగా బయలుదేరాను.

వెళ్లేసరికి లచ్చమ్మ అనే ఆవిడ రెండు కళ్ల మీదా గుడ్డ కప్పుకొని కూర్చుంది. పక్కన భర్త మల్లయ్య. పాలకీడు దగ్గర గొర్రెలు కాస్తారు. బొచ్చు కత్తిరించే ముందు గొర్రెలను కడగడం వాళ్ల రివాజు. కాలువలో నీళ్లు తగ్గి, వంతెన రాళ్లకు పట్టిన పచ్చటి గరుకు పొర బయటపడింది. మురికి బాగా వదులుతుందని దాన్ని గీకి గొర్రెలను రుద్దారు. లచ్చమ్మ అదే చేత్తో కళ్లు నులుముకుంది.

డాక్టరు నన్ను పక్కకు పిలిచారు. "కార్నియాల సన్నటి ముళ్లు గుచ్చుకున్నయి. చాలా మటుకు తీసిన. వాపు తగ్గాలంటే స్టెరాయిడ్ చుక్కలెయ్యాలె. అది నాచో మొక్కో అయితే ఫంగస్ డౌటుంటది. పరీక్షల ఏం కనవడలే గానీ, ఫంగస్ ఉన్న కంట్ల స్టెరాయిడ్ పడితే చూపు ఖతం. అదేందో మీరు తేల్చాలె."

కార్నియా అంటే నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర. పిల్లల జవాబు తప్పయితే మార్కులు పోతాయి. నా జవాబు తప్పయితే ఆమె కళ్లు పోతాయి.

మల్లయ్య సంచిలో ఆ ముక్క తెచ్చాడు. ముక్కు పగిలే కంపు. చూడటానికి అచ్చం నాచే.

"ఎండ తగలని చోట కూడా ఉందా?" అని అడిగాను.

"ఉన్నది మేడం. కింద నీడల గూడ గిదే. గాడ బూడిద రంగుంటది, ఎండలున్నదే పచ్చగుంటది."

నాచుకు వెలుతురు కావాలి. నీడలోనూ పెరిగిందంటే మొక్క కాదేమో. ఆ 'ఏమో' దగ్గరే నా ప్రాణం కొట్టుకుంది. కాలేజీ ల్యాబులో ముక్కలో కొంత తుంచి యాసిడ్‌లో మరిగించాను. మెత్తదంతా కరిగి గాజు సూదులు మిగిలాయి. వీటిని స్పిక్యూల్స్ అంటారు, స్పాంజి ఒంటికి ఎముకల్లాంటివి. లచ్చమ్మ కంట్లోంచి డాక్టరు తీసి ఇచ్చిన ముళ్లూ అవే. స్పాంజి సముద్రంలోనే ఉంటుందని చాలామంది అనుకుంటారు, మంచినీళ్లలోనూ ఉంటుంది. ఎండకు చావని దాని గుళికలు, జెమ్యూల్స్, చూస్తే జాతి తెలిసింది: యునాపియస్ కార్టెరై. దానిలో కాపురముండే నాచు వల్లే ఆ పచ్చదనం. అయినా పుస్తకంతో మళ్లీ మళ్లీ పోల్చుకున్నాను.

"మొక్క కాదు, జంతువు. గుచ్చుకున్నవి దాని గాజు సూదులు" అన్నాను తిరిగి వెళ్లి.

"ఖాయమేనా?"

"ఖాయం."

చుక్కలు వేస్తున్నంతసేపూ లచ్చమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఇంటికొచ్చాక ఫోన్ మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం.

వాపు తీసింది, చూపు దక్కింది. తర్వాతెప్పుడో లచ్చమ్మ కాలేజీకి వచ్చి నన్ను ఎగాదిగా చూసింది.

"చుక్కలేసేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నది నువ్వేనా మేడం? నీ చెయ్యి ఒణికింది. నాకు బుగులైంది."

"అంత భయమేస్తే మరి వద్దనలేదేం?"

"బుగులున్నోళ్లే జర పైలంగ సూస్తరనుకున్న."

ఏ జీవికైనా పేరు చెప్పే ముందు ఇప్పటికీ నాకు చెయ్యి వణుకుతుంది. అది తగ్గాలని ఇప్పుడు కోరుకోవడం లేదు.