ఒంటికాలి మగ్గం

మా డ్రాయింగు మేష్టారు పోయారని మొన్న చల్లపల్లి నుంచి వచ్చిన మేనల్లుడు చెప్పాడు. ఉద్యోగం విరమించాక ఆయన అక్కడే కూతురి దగ్గర ఉంటున్నారు. పొద్దున్నే కాఫీ తాగి, వీధి అరుగు మీద కూర్చుని, అలాగే ఒరిగిపోయారట. ఆ పూట నాకు అన్నం సహించలేదు. ఆయన లేకపోతే నేను ఫోర్తు ఫారంలోనే చదువు మానేసి ఏ బట్టల కొట్టులోనో తానులు చుడుతూ ఉండేవాణ్ణి.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో బెజవాడలోని మా హైస్కూల్లో ఇంజనీరింగు అని కొత్త పాఠం పెట్టి, దాన్ని మా డ్రాయింగు మేష్టారికే అప్పగించారు. చదువు రానివాళ్లకు వడ్రంగం నేర్పుతారని ఊళ్లో అనుకునేవారు. మేష్టారు ఆ మాటకు కోప్పడేవారు కాదు. పెన్సిలు సూదిలా చెక్కి, ఉత్తరీయం కొంగుతో బల్ల తుడిచి, "ఎవరి కోసం గీస్తున్నావో చెప్పి గీయరా" అనేవారు. పెట్టె గీసినా, కుర్చీ గీసినా అదే మాట.

ఆ ఏడే మా నాన్నకు జ్వరమొచ్చి, తగ్గాక కుడికాలు చచ్చుబడింది. కాళ్లు గుంటలో పెట్టి నేసే గుంటమగ్గం చూసినవారికి తెలుసు, నేతగాడికి చేతులెంతో కాళ్లూ అంతే. రెండు కాళ్లతో రెండు చెక్కలు మార్చి మార్చి తొక్కితేనే పడుగులోని నిలువు పోగులు రెండు వరసలుగా విడి, అడ్డపోగు మోసే నాడెకు దారిస్తాయి. మా మగ్గం ఆగిపోయింది. బడి మానేస్తున్నానని చెప్పడానికి వెళితే మేష్టారు, "మానేద్దువుగానిలే. ముందు ఆ మగ్గం చూపించు" అన్నారు.

మర్నాడు క్లాసంతా ఆయన వెంట ఏలూరు కాలువ దాటి మా ఇంటికి వచ్చింది. ఆయన పంచె ఎగ్గట్టి గుంటలో దిగి, కుడికాలు మడిచి కూర్చున్నారు. ఎడమకాలు ఒక్కదాంతోనే అటూ ఇటూ తొక్కబోయి నాడె జారవిడిచారు.

"అయ్యో, మీకెందుకండీ ఈ తిప్పలు!" అంది మా అమ్మ.

"తిప్పలేంటో తెలియాలిగా అమ్మా" అన్నారు. తర్వాత మా అందర్నీ వరసగా అలాగే కూర్చోబెట్టారు.

ఎన్నెన్నో బొమ్మలు గీసి చింపాం. చివరికి, ఒకే చెక్క ఉంచి రెండోవైపు బరువు కడితే సరన్న ఆలోచన కుదిరింది. కాలు నొక్కితే ఒక వరస పోగులు దిగుతాయి. కాలు వదిలితే బరువు రెండో వరసను దింపుతుంది. బొమ్మ ముచ్చటగా ఉంది. రాయి కట్టి చూస్తే మాత్రం, ఆ బరువుకు ఎదురు తొక్కలేక నాన్న జానెడు బట్ట నేసేలోపే కాలు పట్టేసి ఆయాసపడ్డాడు. మా మొహాలు వాడిపోయాయి.

"కాగితం ఒప్పుకుంటే చాలదురా, కాలు ఒప్పుకోవాలి" అన్నారు మేష్టారు. రాయి విప్పించి ఇసుక సంచి కట్టించారు. గుప్పెడు తీయడం, "ఇప్పుడెలా ఉందండీ?" అని నాన్నను అడగడం, మళ్లీ గుప్పెడు తీయడం. "ఇదండీ! ఇప్పుడు బాగుంది" అని నాన్న అనేవరకు గుంట పక్కనుంచి లేవలేదు.

"రాయి పనికిరాదని మీకు ముందే తెలుసా మేష్టారూ?" అని అడిగాను.

"లేదురా, నాకూ ఇవాళే తెలిసింది" అన్నారు. తనకు తెలియదని అంత సంతోషంగా చెప్పిన పెద్దమనిషిని నేను మళ్లీ చూడలేదు.

నాన్న మునుపటంత నేయలేకపోయినా ఇల్లు గడిచింది. నేను బడి మానలేదు.

ఒక సాయంత్రం ఇంటికి వస్తుంటే, మా గోడ పక్కన మేష్టారు సైకిలు పట్టుకుని నిలబడి కనిపించారు. లోపల మగ్గం ఆడుతోంది. రమ్మని పిలుద్దామని దగ్గరకు వెళ్లాను. ఆయన నన్ను చూడలేదు. కళ్లు మూసుకుని, ఆ చప్పుడుకు సరిగ్గా, ఎడమపాదంతో నేలను నొక్కుతూ, వదులుతూ ఉన్నారు.