ఎరుపు చుక్క

టేకులపల్లి అవతల అడవి అంచున ఉన్న ఒక చిన్న బడికి ఎనిమిదేళ్లు కొత్తగూడెం నుంచి స్కూటీ మీద వెళ్లి పాఠాలు చెప్పాను. పిల్లలంతా కోయవాళ్లు. ఇంట్లో వాళ్ల మాట వేరు, బడిలో నా తెలుగు వేరు. వాళ్ల మాట నేర్చుకుందామని నాకెన్నడూ తోచలేదు.

ఒకసారి బడికి పెట్టెడు కథల పుస్తకాలు వచ్చాయి. ఎవరి చదువుకు తగ్గది వాళ్లకివ్వాలని అట్టల మీద రంగు చుక్కలు అంటించాను. బొమ్మలే ఉంటే ఆకుపచ్చ, బొమ్మ కింద రెండు వాక్యాలుంటే పసుపు, పేజీ నిండా అక్షరాలుండి మూలన ఒక బొమ్మ ఉంటే ఎరుపు. ఒక పేజీ తప్పుల్లేకుండా గట్టిగా చదివితే పై రంగు. ఎరుపు వాళ్లే పుస్తకం ఇంటికి తీసుకెళ్లాలి. రూలు నాదే, దాని మీద మురిపెమూ నాదే.

ఐదో తరగతిలో ఒక అమ్మాయి గట్టిగా చదవమంటే మాట మాటకీ ఆగేది. దాన్ని ఆకుపచ్చలోనే ఉంచి చిన్న తరగతుల పిల్లల పక్కన కూర్చోబెట్టాను. అన్నం గంటలో మాత్రం అది ఎరుపు చుక్క పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఆ చిన్నవాళ్లకు కోయలో ఏదో చెప్పేది. వాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు. బొమ్మ చూసి కథలు అల్లుతోందని నాకు ఒళ్లు మండేది.

"మేడం, సెలవులకు గిది ఇంటికిస్తరా?" అని అడిగింది ఒకరోజు.

ఇదే అదను అనుకున్నాను. బడి మొత్తాన్నీ కూర్చోబెట్టి, ఒక్క బొమ్మ కూడా లేని కొత్త పుస్తకం దాని చేతిలో పెట్టాను. "ఇప్పుడు చెప్పు నీ కథ" అన్నాను. అది ఏడిస్తే చూడాలని ఉండింది నాకు. దాచుకోవడం ఎందుకు.

అది ఏడవలేదు. నాలుగు పేజీలు మనసులోనే చదువుకుని, పుస్తకం మూసి, కోయలో చెప్పింది. పిల్లలు నవ్వారు. దాన్ని చూసి నవ్వుతున్నారనుకుని నేనూ నవ్వాను. ముందు వరసలో ఉన్న రెండో తరగతి పిల్లను, "ఏం చెప్పిందే?" అని అడిగాను.

"ముసలమ్మ పిల్లికి భయపడి పెరుగుకుండ నెత్తి మీద పెట్టుకొని పండుకున్నదట మేడం. పొద్దుగాల లేచి కుండ కోసం ఊరంత ఎతికిందట."

పుస్తకంలో ఉన్నది అదే.

అర్థమైంది నాకు. ఆ బడిలో దానికంటే బాగా చదివేవాళ్లు లేరు. కానీ ఆ మాట అంటే అందరి ముందూ నా రూలు తప్పని ఒప్పుకోవాలి. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

"తెలుగులో గట్టిగా చదివితేనే ఎరుపు" అని పుస్తకం లాక్కున్నాను.

"అవ్ మేడం" అంది.

ఆ ఎండాకాలం తర్వాత అది ఆరో తరగతికి హాస్టల్ బడికి వెళ్లిపోయింది. దాని వెంట వెళ్లిన కాగితంలో 'చదవడం రాదు' అని రాసింది నేనే.

జూన్‌లో బడి తెరిచాక, ఆనాడు ముందు వరసలో కూర్చున్న పిల్ల అన్నం గంటలో అదే ముసలమ్మ పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"అక్క లేదు కదా మేడం. మీరు చెప్పున్రి, మా మాటల."

నాకు కోయ రాదన్నాను.

"ఒక్క ముక్క గూడ రాదా?"

రాదన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. పుస్తకం తీసుకుని పెట్టె దగ్గరికి వెళ్లి, కాసేపు వెతికి, ఆకుపచ్చ చుక్క ఉన్నది ఒకటి తెచ్చి నా చేతికిచ్చింది.